నా పేరుతో వెతికితే ఇద్దరు దొరికారు

మొన్న జనగామలో మా ఇంటి వసారాలో కూర్చుని మా తమ్ముడి కూతురు ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుకుంటూ, నోటు పుస్తకంలో చుక్కలూ నక్షత్రం గుర్తులూ బ్రాకెట్లూ వరసగా రాసుకుని, వాటినే చూస్తూ తల పట్టుకుంది. "అత్తా, గిండ్ల ఏమున్నదో ఒక్క ముక్క సమజైతలేదు" అని పుస్తకం నా ముందుకు జరిపింది. నేను కళ్ళజోడు సవరించుకుని ఆ వరుస మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఇది ఫోను నంబర్లను పట్టుకునే ప్యాటర్న్ అనీ, ముందు ఆరు నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె, దాని వెనక ఏవైనా తొమ్మిది అంకెలు, చివర డాలరు గుర్తు ఉంటే అక్కడితో అయిపోవాలని అర్థమనీ చెప్పేసరికి, ఇంతకాలం నన్ను పచ్చళ్ళు పెట్టే మేనత్తగానే ఎరిగిన ఆ పిల్ల నా ముఖం వంక కాసేపు అలాగే చూసింది. ఏదైనా పేరు మీద చేసి చూపించమంది. అలవాటుగా నా పేరే రాయబోయాను. రెండక్షరాలు రాశాక చెయ్యి ఆగిపోయింది. నీ పేరే రాద్దామని మాట మార్చి, ఆ పూటకు పాఠం ముగించాను. ఆ పిల్లకు చెప్పని సంగతి ఇక్కడ చెప్పుకుంటాను.

అప్పటికి మానుకోట ఇంకా జిల్లా కాలేదు. మహబూబాబాదు అని బోర్డుల మీద ఉండేది గానీ నోళ్ళలో మానుకోటే. మా ఆయన ఉద్యోగం జనగామలో, నేను మాత్రం మానుకోటలో చిన్న గది తీసుకుని, ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటరు ఆపరేటరుగా చేసేదాన్ని. పల్లెల్లోని పాత జనన మరణ రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించే పని అది. రెండు జిల్లాల పని పట్టాడు ఆయన, అందుకని ఎక్కడెక్కడి ఊళ్ళ పుస్తకాలో గోనె సంచుల్లో వచ్చి మా గది మూలల్లో కూర్చునేవి. కొన్ని చెదలు తిన్నవి, కొన్ని ఉర్దూలో మొదలై సగంలో తెలుగులోకి తిరిగినవి, కొన్నిటి నుంచి తెరవగానే పాత బియ్యపు డబ్బా వాసన వచ్చేది.

పని ఇద్దరిద్దరం చేసేవాళ్ళం. ఒకరు పైకి చదవాలి, ఒకరు టైపు కొట్టాలి. పొద్దున పది గంటల నుంచి సాయంత్రం దాకా ఆ గది నిండా పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ పేర్లే. మిట్ట మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు కూడా చదివేవాళ్ళు ఆపకుండా చదువుతూ ఉంటే, ఆ పేర్లు కిటికీలోంచి వీధిలోకి పడుతూ ఉండేవి. ఒకరోజు నేను "లచ్చవ్వ, వయసు అరవై, జ్వరం" అని చదివానో లేదో కింద గాజుల మలారం దించుకుంటున్న ఒక ముసలామె తలెత్తి, "ఏందవ్వా, నన్నేనా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పూట మళ్ళీ గొంతెత్తి చదవలేకపోయాను.

మా అందరికీ పెద్ద ఒక అక్క. గార్ల నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వచ్చేది. కోమట్ల ఇంటి పిల్ల, నాన్నకు కిరాణా హోల్‌సేలు, పెళ్ళి వద్దని చదువుకుని కంప్యూటర్లలో పడింది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే పెద్ద మాటను మా నోళ్ళు తిరగవని ఆమె జల్లెడ అని నేర్పింది. కంప్యూటరుకు పేరు తెలియదు, అక్షరాల వరస మాత్రమే తెలుసు, మనం వెతికేది సరిగ్గా ఎట్లా ఉంటుందో తెలియనప్పుడు ఏ తీరుగా ఉండొచ్చో చెప్పాలి అనేది. చుక్క పెడితే ఏదో ఒక అక్షరం. పక్కన ప్రశ్నార్థకం పెడితే అది ఉన్నా సరే, లేకున్నా సరే. చదరపు బ్రాకెట్లో నాలుగక్షరాలు పెడితే ఆ నాలుగింటిలో ఏదో ఒకటి. టోపీ గుర్తు అంటే వరస మొదట్లోనే ఉండాలని. నక్షత్రం గుర్తుతో మాత్రం జాగ్రత్త అనేది. "అది ఆశపోతుది పిల్లా, ఎంత దొరికితే గంత మింగుతది." నిజమే, మొదటి రోజుల్లో నేను చుక్కా నక్షత్రమూ కలిపి ఒక ఎల్లయ్యను వెతికితే, పేజీ మొదటి ఎల్లయ్య దగ్గర పట్టుకుని చివరి ఎల్లయ్య దాకా మధ్యలో ఉన్న ఊరందరినీ ఒకే మనిషిగా తెచ్చి ముందు పడేసింది.

తెలుగుతో ఇంకో చిక్కు. మనకు ఒక్కక్షరంగా కనిపించేది దానికి ఒక్కటి కాదు. ము అంటే దానికి మ వేరు, కొమ్ము వేరు. చుక్క ఒక్కటే పెడితే కొమ్మును వదిలేసి మను మాత్రమే పట్టుకునేది, తెర మీద ఆ ఒంటరి కొమ్ము ఒక చుక్కల సున్నాను మోసుకుని నిలబడేది, ఒళ్ళు లేని నీడలాగా. మొదట్లో వాటిని చూస్తే నాకు అదోలా ఉండేది.

నా పేరు కొమురమ్మ. కొమురెల్లి మల్లన్న మొక్కు మీద పెట్టిన పేరని ఇంట్లో చెప్పేవాళ్ళు. మా పెద్దవంగర బడిలో మంజులలూ శ్రీదేవిలూ ఉన్న తరగతిలో ఈ ముసలి పేరుతో నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఏడో తరగతిలో మా హెడ్‌మాస్టరు జాలిపడి, సర్టిఫికెట్లో కుమారి అని రాసేస్తాను, ఎవరికీ తెలియదు అన్నాడు. నేను ఎగురుకుంటూ ఇంటికి వచ్చి చెప్పాను. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి, కూలికి పోయిన చోట దొరసాని తిట్టినా తలెత్తని మనిషి, ఆ మర్నాడు నాట్ల మధ్యలోంచి బురద కాళ్ళతోనే బడికి వచ్చి గుమ్మంలో నిలబడింది. "పేరు మార్చకుండ్రి సారు. అది మార్చేటిది గాదు" అని ఆ రెండు ముక్కలే చెప్పి వెళ్ళిపోయింది. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. పొద్దు గూకే వేళ నన్ను ఇంట్లోకి పిలిచేటప్పుడు ఎప్పుడూ రెండుసార్లు పిలిచేది. మొదటిది మెల్లగా, వాకిలి దాటి ఎటో చూస్తూ. తర్వాత పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఊరుకుని, రెండోది గట్టిగా, నా వైపు తిరిగి. మొదటి పిలుపుకే నేను ఓయ్ అని పలికితే ఉలిక్కిపడేది. నన్ను చూసి కాదు, నా పక్కన చూసి. చెవి సరిగా వినపడదేమో అనుకునేదాన్ని.

ఆ ఏడాది ఎండాకాలంలో కాంట్రాక్టరు ఒక కొత్త పని చెప్పాడు. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కిన చోట్లు బోలెడున్నాయట, వాటిని పట్టుకుని ఒకటి ఉంచి ఒకటి తీసేయాలి. తల్లీ తండ్రీ ఊరూ పేరూ కలిస్తే పాతది తీసేసి కొత్తది ఉంచాలని రూలు. పేర్లేమో ఊరి లెక్కలు రాసే ఒక్కో పటేలు చెవికి ఒక్కో తీరుగా వినపడి, ఒక్కో తీరుగా రాసి ఉన్నాయి. అందుకే జల్లెడలు కావాలి. అక్క మా అందరికీ ఒకే మాట చెప్పింది, ముందు జవాబు తెలిసిన పేరు మీద జల్లెడ పట్టి చూడండి, అది తప్పు చెప్తే అక్కడే దొరుకుతుంది అని.

జవాబు తెలిసిన పేరు నాకు నాదే. కొమురమ్మ, కొమ్రమ్మ, కొంరమ్మ, కొమురవ్వ, వీటిలో ఎట్లా రాసి ఉన్నా తగలాలి. కొంచెం ఆలోచించి ఇట్లా రాశాను:

కొ(ము|మ్|ం)ర(మ్మ|వ్వ)

మధ్యలో నిలువు గీత అంటే ఇదైనా సరే, అదైనా సరే అని. అక్క చూసి మెచ్చుకుంది. పెద్దవంగర జననాల మీద, మా నాయిన పేరూ అవ్వ పేరూ కలిపి పట్టాను. ఒకటి రావాలి. రెండు వచ్చాయి.

ఒకటి నాదే, నా పుట్టిన తేదీ. రెండోది నాకంటే మూడేళ్ళ ముందుది. పటేలు పొరపాటున పాత పుస్తకంలో కూడా రాసి ఉంటాడు అనుకున్నాను, అక్కా అదే అంది, ఇద్దరం నవ్వుకున్నాం కూడా, నీ వయసు మూడేండ్లు పెంచిండ్రే అని. రూలు ప్రకారం పాత వరుసకు తీసివేత గుర్తు పెట్టాను. అంతటితో అయిపోవలసింది. కానీ నా జల్లెడ మీద నాకు ముచ్చట తీరక, ఇంకెన్ని ఊళ్ళలో ఎంతమంది కొమురమ్మలున్నారో చూద్దామని, అదే వరుసను అన్ని పుస్తకాల మీదా వదిలాను. వెతికే ఊరు మార్చాను గానీ తల్లిదండ్రుల పేర్లు తీసేయడం మరచిపోయాను. ఆ మరపే లేకుంటే ఈ కథ లేదు.

కొత్తగా ఒకే ఒక్క వరుస తగిలింది. మరణాల పుస్తకం, కాటారం. కొంరమ్మ, ఆడ, రెండేండ్లు, జ్వరం. తండ్రి పేరు మా నాయినది, తల్లి పేరు మా అవ్వది, స్వగ్రామం పెద్దవంగర.

బయట ఎండ కాస్తోంది, పక్క బల్ల మీద ఎవరో ఎవరి చావో చదువుతున్నారు, నేను మాత్రం ఆ వరుసలో నా పేరును చూస్తూ కూర్చున్నాను. మా వాళ్ళెవరూ కాటారం మొగం చూసినట్టు ఎన్నడూ వినలేదు. అక్క నా వెనక వచ్చి నిలబడి, తెర చూసింది. ఏ సంచిలో ఉందో వెతికి అసలు పుస్తకమే తెచ్చి నా ముందు పెట్టింది. అట్ట ఊడిపోయి ఉంది. ఆ పేజీలో పటేలు రాత సన్నగా, వంకరగా ఉంది. చివర, చెప్పినవారి సంతకం అనే చోట ఒక వేలిముద్ర ఉంది. మా నాయిన కొడవలి తెగి బొటనవేలు మధ్యలో అడ్డంగా ఒక గీత పడిన మనిషి. రేషను కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద ఆ గీతతో పడ్డ ముద్రను నేను వంద సార్లు చూశాను. ఇక్కడా అదే. నాయిన పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

"అవ్వ ఉన్నది గద, అడుగు" అంది అక్క. అంతే అంది.

అవ్వ అప్పుడు భూపాలపల్లిలో మా తమ్ముడి దగ్గర ఉండేది. తమ్ముడికి అక్కడ బొగ్గుగనిలో పని. ఆదివారం నాడు వెళ్ళాను. అవ్వ పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎట్లా మొదలు పెట్టాలో తెలియక, కాటారంలో ఎవరున్నారవ్వా అన్నాను. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే, "ఎవలు చెప్పిండ్రు?" అంది. కంప్యూటరు చెప్పిందంటే నమ్మలేదు. నాయిన వేలిముద్ర చూశానన్నాక నమ్మింది.

అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందు ఒక ఏడు పెద్దవంగరలో వానలు లేక, మేస్త్రీ వెంట కాటారం అడవిలోకి వెదురు కొట్టే పనికి పోయారట. తొలి బిడ్డ రెండేళ్ళది, వెంటే తీసుకుపోయారు. గుడిసెలో పిల్లకు జ్వరం తగిలింది. నాయిన ఎత్తుకుని ముందు, అవ్వ వెనక, కాటారం దవాఖానకు నడిచారు, దారిలో ఒర్రె, చిన్న వాగు, దాటేలోగానే పిల్ల పోయింది. ఆ ఒర్రె గడ్డనే పూడ్చారు. నాయిన అక్కడి నుంచి ఇటు గుడిసెకు రాకుండా అటే పటేలు ఇంటికి వెళ్ళాడట.

"పసిపోరి గద, రాయకున్న నడుస్తది పో అన్నడట పటేలు. మీ నాయిన లేవలే. గిది మా ఊరు గాదు, మేం రేపు పోతం, గీడ ఒక పిల్ల ఉన్నదని ఎవలకెరుక, రాయుండ్రి అన్నడట. రాసేదాక ఆ గడపల్నే కూసున్నడు."

మరి నాకు ఆ పేరెందుకు పెట్టారవ్వా అని అడిగాను. 

"పెద్దోళ్ళు పెట్టమన్నరు. పేరు ఊకెనే ఉంటే పోయిన పిల్ల ఆ పేరు వెంబడి ఇల్లు దేవులాడుకుంట తిరుగుతదట. ఇంకొకలకు పెడితే గా పిల్లలనే ఉంటదట." చింతపండు పక్కకు జరిపి, "ఉన్నదో లేదో నాకెరుకలే బిడ్డా. నీ మొగం జూసినప్పుడల్ల అడగాలనిపించేది. నిన్నెట్ల అడగాలె?" అంది.

ముప్పై దాటిన మనిషిని, చదువుకున్నదాన్ని, అయినా ఆ మాటకు నా చేతుల మీద రోమాలు లేచాయి. ఇన్నేళ్ళూ నా ముఖంలో ఇంకెవరి కోసమో వెతుకుతూ అన్నం పెట్టిందా ఈ మనిషి అని ఒక పక్క కోపం, ఆ వెతుకులాటలో ఒక్కరోజు కూడా నన్ను తక్కువ చూడలేదే అని ఇంకో పక్క దుఃఖం.

చూపిస్తావా అంటే, వెంటనే లేచి చీర మార్చుకుంది. భూపాలపల్లి బస్టాండులో కాటారం బస్సు ఎక్కాం. దారి పొడుగునా కిటికీ వదలలేదు. కాటారం చేరకముందే ఒక చోట దిగుదామంది. అడవి ఉండవలసిన చోట వరి మడులున్నాయి. ఒర్రె మీద సిమెంటు కల్వర్టు కట్టారు. అవ్వ రోడ్డు దిగి గట్టు వెంట గబగబ నడిచింది, ఒక తుమ్మ చెట్టు దగ్గర ఆగింది, కాదని ఇంకాస్త ముందుకు పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇక్కడే అని ఎక్కడా అనలేదు. చివరికి మడుల వైపు తిరిగి నిలబడి, మెల్లగా, "కొమురమ్మా" అని పిలిచింది.

చిన్నప్పటి అలవాటు నాలుక మీదికి వచ్చేసింది. పలకబోతే అవ్వ తిరిగి చూడకుండానే చెయ్యి వెనక్కి పెట్టి వద్దన్నట్టు ఆపింది. మధ్యాహ్నం రెండు గంటలు, గాలి లేదు, మడుల్లో నీళ్ళు కూడా కదలడం లేదు. అవ్వ వింటూ నిలబడింది. నేను నా చిన్నప్పటి పది అంకెలూ మనసులో లెక్కపెట్టాను. తొమ్మిదో అంకె దగ్గర ఒర్రె అవతల ఏదో కదిలిన చప్పుడైంది, కొంగో, ఉడుమో, నేను తల తిప్పి చూడలేదు. అవ్వ మాత్రం తల ఊపింది, ఎవరో ఏదో అంటే సరేనన్నట్టు. అప్పుడు నా వైపు తిరిగి, గట్టిగా, మామూలుగా, "కొమురమ్మా, పోదాం పా, బస్సొస్తది" అంది.

తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అంత గాఢంగా ఆమె నిద్రపోవడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు మానుకోటలో గదిలోకి రాగానే నేను చేసిన మొదటి పని ఆ పాత వరుస మీది తీసివేత గుర్తు తీసేయడం. అక్కకు అంతా చెప్పాను. ఆమె, నీ ఒక్కదానికేనా ఇట్లా జరిగింది అంది. ఇద్దరం కూర్చుని కొత్తగా వెతికాం. జననాల్లో ఒకే తల్లిదండ్రులకు, ఒకే పేరుతో, ఏడాదికి మించిన తేడాతో రెండు వరుసలు, మరణాల్లో అదే పేరుతో ఒకటి. అక్క ఆ చుక్కలనూ బ్రాకెట్లనూ సరిచేస్తూ సరిచేస్తూ చివరికి మీట నొక్కింది. తెర నిండింది. కిందికి జరిపితే మళ్ళీ నిండింది. సమ్మక్కలు, మల్లయ్యలు, క్రైస్తవుల ఇళ్ళల్లో మరియమ్మలు, యేసురత్నాలు. అన్నిటికీ మేము తీసివేత గుర్తులు పెట్టి ఉన్నాం, పొరపాటున రెండుసార్లు ఎక్కిన మనుషులనుకుని. గదిలో చదివేవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి మా వెనక నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె తన పెనిమిటి పేరు చూసుకుని, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

కాంట్రాక్టరు ఒప్పుకోలేదు మొదట, పని ఆలస్యమవుతుందన్నాడు. అక్క ఎదురు కుర్చీలో కూర్చుని, మరణాల పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చి, "వీళ్ళు ఒకలు గాదు సార్, ఇద్దరు. మీరే చదివి తీసేయుండ్రి, మా చేతుల గాదు" అంది. ఆయన రెండు పేజీలు చదివి పుస్తకం మూసేశాడు. పాత వరుసలన్నీ ఉండిపోయాయి. ఇప్పటికీ ఉండే ఉంటాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు మానుకోట అంగడిలో ఎవరైనా ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే, ఆ పలికే మనిషి ముఖం చూడాలనిపించేది. తర్వాత ఆ పని అయిపోయింది, నేను జనగామ వచ్చేశాను, అక్క ఏదో పెద్ద ఊరికి మారిపోయి ఉత్తరాలు ఆగిపోయాయి. అవ్వ పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడు బిడ్డ పుట్టిన దవాఖానలోనే పుట్టుక రాసేస్తున్నారు, పేరు పెట్టకముందే నంబరు వస్తోంది, పేర్లు కూడా ఒకరిది ఒకరికి రాకుండా పుస్తకాల్లో వెతికి పెడుతున్నారు. మంచిదే, మనసారా అంటున్నాను, రెండేళ్ళ పిల్ల జ్వరంతో ఒర్రె ఒడ్డున పోయే రోజులు మళ్ళీ రావద్దు. కానీ జల్లెడ ఎంత సన్నంగా నేసినా అందులో దొరికేది రాసి ఉన్నవాళ్ళే. మా నాయిన లాగా గడపలో కూర్చుని రాయించేవాళ్ళు లేని పిల్లలు ఆ పుస్తకాల్లో ఉన్నవాళ్ళ కంటే ఎక్కువే ఉంటారు. వాళ్ళ లెక్క వాళ్ళ తల్లులకు మాత్రమే తెలుసు. ఆ తల్లులు మన ఊళ్ళ నుంచి ఒక్కొక్కరే, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, వెళ్ళిపోతున్నారు.